మూతబడిన రాతి క్వారీని మేతబీడుగా మార్చుట

తెలంగాణ గ్రామముల రెవెన్యూ లెక్కలలో "కంచె", "బంచరాయి" అను మాటలు రైతులకును, గ్రామాధికారులకును తెలిసినవే. కంచె యనగా గడ్డి కొఱకు విడిచిన నేల. లింగంపల్లికి చేరువనున్న కంచ గచ్చిబౌలి అను పేరులో ఆ మాట నేటికిని నిలిచియున్నది. మన పెద్దలు ఆ నేలలను దున్నక గడ్డికి విడుచుటకు కారణము లేకపోలేదు. ఈ ప్రాంతమంతయు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు బండపై నున్నది. బండపై మొరము, మొరముపై జానెడో, మూరెడో ఎర్రని చెలక మట్టి. నాగలి సాగదు, గడ్డి మాత్రము తొలకరికి లేచి కార్తీకము వరకు మందలను పోషించును.

ఏ బండ వలన ఆ నేల మేతకు మిగిలినదో, ఆ బండయే తరువాత దానికి గిరాకీ తెచ్చినది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయమును, 1998లో హైటెక్ సిటీయు ఈ దిక్కున వెలసిన పిదప కట్టడములకు కంకర, గుండ్రాయి, రాతిపొడి బండ్లకొలది కావలసి వచ్చెను. గుట్టలు క్వారీలైనవి. శేరిలింగంపల్లి 2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినది. అచ్చట నేడు మేతబీడు మాట ఎత్తువారు లేరు. కాని అదే బండ, అదే చెలక, అవే క్వారీలు పటాన్‌చెరువు, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు గ్రామములలోను ఉన్నవి. అచ్చట గొఱ్ఱెల మందలును ఇంకను ఉన్నవి. క్వారీ లీజు ముగిసి యంత్రములు వెడలిపోయిన నాడు ఆ నేల ఊరికి ఏ స్థితిలో తిరిగి వచ్చును? దానిని మరల మేతకు తెచ్చుట సాధ్యమా? ఎంతవరకు సాధ్యము? ఈ విషయములను ఇందు వివరింతుము.

గుంత పూడునా?

క్వారీ మూసినప్పుడు ఊరివారు మొదట అడుగు మాట "గుంత పూడ్చి ఇయ్యుడు" అని. ఈ కోరిక న్యాయమైనదే కాని, గ్రానైటు క్వారీలో నెరవేరుట కష్టము. బొగ్గు గనిలో బొగ్గుపైనుండి తీసిన మట్టి, రాయి గుట్టలుగా మిగులును. దానిని తిరిగి గుంతలో నింపవచ్చును. కంకర క్వారీలో తీసిన రాయి దాదాపు అంతయు అమ్ముడుపోవును. నింపుటకు మిగులునది స్వల్పము.

లెక్క వేసి చూడుడు. ఒక ఎకరము వైశాల్యము, 20 మీటర్ల లోతు గల గుంతను నింపుటకు సుమారు 81,000 ఘనపు మీటర్ల మట్టి కావలెను. ట్రాక్టరు ట్రాలీకి 3 ఘనపు మీటర్ల చొప్పున 27,000 ట్రాలీలు. ఇంత మట్టి ఎచ్చటి నుండి వచ్చును? మరియొక పొలమును త్రవ్వవలెను. లేదా నగరమునుండి వచ్చు ఇండ్ల శిథిలములు, చెత్త పోయవలెను. నగరము చేరువలో నున్న గ్రామములకు ఈ రెండవ ప్రమాదము ఎక్కువ. "ఉచితముగా గుంత పూడ్చెదము" అని వచ్చు లారీలలో ఏమున్నదో చూడక ఒప్పుకొనరాదు. చెత్తనుండి ఊరిన నీరు బండ నెఱ్ఱెల గుండా బావులలోనికి దిగును. ప్లాస్టిక్కు సంచులు పశువుల కడుపులో చేరును.

కావున మొదటనే ఒక విభజన చేసికొనవలెను. లోతైన గుంత గుంతగానే యుండును. దానిని నీటి కొఱకు వాడవలెను. గడ్డి పెంపకమునకు పనికివచ్చునది గుంత చుట్టునున్న నేల: క్రషరు నిలిచిన చోటు, కంకర కుప్పలు పోసిన చదును, లారీల బాటలు, పనికిరాని రాయి, మొరము పోసిన దిబ్బలు, లోతు తక్కువగా త్రవ్వి విడిచిన అంచులు. చాలా క్వారీలలో ఈ చెడిన నేల గుంతకంటె తక్కువేమియు కాదు. ఊరివారు గుంతను చూచి నిరాశపడి ఈ నేలను మరచిపోవుచున్నారు. అది సర్కారు తుమ్మకును, వయ్యారిభామకును వశమగుచున్నది.

లీజుదారుని బాధ్యత

గడ్డి మొలిపించుట లీజుదారుని దయాధర్మము కాదు. 2020 జనవరి 8వ తేదీన సుప్రీంకోర్టు, కామన్ కాజ్ అను సంస్థ వ్యాజ్యములో ఒక ఉత్తరువు ఇచ్చినది. త్రవ్వకము ముగించిన పిదప గని నేలను, గని పనుల వలన చెడిన ఇతర నేలను లీజుదారుడు తిరిగి గడ్డి మొలిపించి, పశుగ్రాసము, చెట్టుచేమలు, జీవజాతులు పెరుగుటకు తగినట్లు చేయవలెనను షరతును విధింపవలసినదని కేంద్ర ప్రభుత్వమును ఆదేశించినది. ఖర్చు లీజుదారునిదే. అదే నెల 16వ తేదీన కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఈ షరతును పర్యావరణ అనుమతులలో చేర్చుచు ఉత్తరువు వెలువరించెను. 5 హెక్టార్లకు లోబడిన చిన్న క్వారీలకును పర్యావరణ అనుమతి తప్పనిసరి యని అదే న్యాయస్థానము 2012 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పియున్నది.

అయితే కాగితముపై షరతు వ్రాసినంత మాత్రమున గడ్డి మొలవదు. మూసివేత సమయమున తనిఖీకి వచ్చు అధికారి ఒక దినము ఉండి పోవును. వానలు పడిన పిదప మొలచినదా, మొలచినది నిలిచినదా అని చూచువారు ఊరిలోనివారే. కావున పంచాయతీవారు తమ ఎల్లలోని ప్రతి క్వారీయొక్క పర్యావరణ అనుమతి నకలును, మూసివేత ప్రణాళిక నకలును తెచ్చుకొని కార్యాలయములో ఉంచవలెను. అందు ఎన్ని ఎకరములలో గడ్డి వేయుదునని లీజుదారుడు వ్రాసియిచ్చెనో చూడవలెను. లీజు ముగియుటకు రెండు వానాకాలములకు ముందే దీనినిగూర్చి అడుగుట మేలు. యంత్రములు, డ్రైవర్లు అప్పటికి ఇంకను క్వారీలోనే యుందురు. జెసిబి వెడలిపోయిన పిదప దానిని మరల రప్పించుట ఎంత కష్టమో అనుభవించిన వారికే తెలియును.

పై మట్టిని కాపాడుట

మొత్తము పనిలో ముఖ్యమైనది ఇదియే. ఇది క్వారీ మూసిననాడు కాక, తెఱచిననాడే చేయవలసిన పని.

చెలక నేలలో సారమంతయు పైనున్న అరడుగు మట్టిలోనే యుండును. గడ్డి విత్తనములు, వేళ్లు, సూక్ష్మజీవులు, కుళ్లిన ఆకు అలము అందే యుండును. దాని క్రిందిది మొరము. క్వారీ తెఱచువారు సాధారణముగా రెండింటిని కలిపి ఒకే దిబ్బగా త్రోయుదురు. అప్పుడు మంచి మట్టి మొరములో కలిసిపోయి తిరిగి దొరకదు.

ఎకరము నేలపై అరడుగు మందమున మట్టి పరచుటకు సుమారు 600 ఘనపు మీటర్లు, అనగా 200 ట్రాలీలు కావలెను. దాచుకొన్న మట్టి ఉన్నచో ఇది క్వారీలోనే దొరకును. లేనిచో కొని తేవలెను. ఆ ఖర్చు చూచి అందరును వెనుకకు తగ్గుదురు. అందువలన క్రొత్తగా క్వారీ తెఱచుచున్న చోట పంచాయతీవారు మొదట కోరవలసినది పై మట్టిని వేరుగా తీసి, వేరుగా పోయుమని. ఈ కుప్ప ఎత్తు 5 అడుగులకు మించరాదు. ఎత్తుగా పోసిన కుప్పలో గాలియాడక అడుగుమట్టిలోని విత్తనములు, సూక్ష్మజీవులు నశించును. కుప్పపై జనుముగాని ఉలవలుగాని చల్లినచో వానకు కొట్టుకొనిపోదు, సారమును నిలుచును. సాధారణముగా లీజు సరిహద్దు వెంట 7.5 మీటర్ల పట్టీ త్రవ్వక విడువవలెను గనుక, మట్టిని ఆ పట్టీ వెంట గట్టుగా పోయుట అన్ని విధముల అనుకూలము.

దాచిన మట్టి లేని పాత క్వారీలకు చెరువు పూడిక మట్టి మంచి ప్రత్యామ్నాయము. 2015లో మిషన్ కాకతీయ పనులు మొదలైనప్పుడు చెరువు మట్టి చెలకలకు చేసిన మేలు మన రైతులు చూచియున్నారు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. నగరపు మురుగు చేరు చెరువుల మట్టిని, కర్మాగారముల నీరు పారిన చోటి మట్టిని పరీక్ష చేయింపక వాడరాదు. పటాన్‌చెరువు ప్రాంతమున కర్మాగారముల వ్యర్థజలము వాగులలో కలియుట వలన కలిగిన నష్టము అందరెఱిగినదే. అట్టి మట్టిలోని సీసము వంటి లోహములు గడ్డి ద్వారా పాలలోనికిని, మాంసములోనికిని చేరగలవు.

నేలను సిద్ధపరచుట

మొట్టమొదట నేలను శుభ్రపరచవలెను. పేలుళ్లకు వాడిన తీగలు, ప్లాస్టిక్కు గొట్టములు, ఇనుప ముక్కలు, బోల్టులు, టైరుల తీగలు ఏరివేయవలెను. పశువు మేతతో మింగిన తీగముక్క కడుపును చీల్చి గుండెవరకు పోవుట కలదు. పేలకుండ మిగిలిన మందుగుండు కనబడినచో ఎవరును తాకరాదు. పిల్లలను దూరముగా నుంచి, వెంటనే పోలీసులకును గనుల శాఖకును తెలుపవలెను. నూనె, డీజిలు పడి నల్లబడిన మట్టిని త్రవ్వి వేరుచేయవలెను.

క్రషరు నిలిచిన చోటు, లారీల బాట రోడ్డువలె గట్టిపడి యుండును. దానిపై ఎంత మట్టి పోసినను వాననీరు ఇంకదు, మట్టియే కొట్టుకొనిపోవును. రిప్పరుతో ఒకటిన్నర నుండి రెండు అడుగుల లోతు, వాలుకు అడ్డముగా చీల్చిన పిదపనే మట్టి పరచవలెను. "డస్టు" అని పిలుచు రాతిపొడి మిగిలియున్నచో దానిని దళసరిగా విడువరాదు. వానకు తడిసి ఆరినప్పుడు అది పెంకువలె గట్టిపడి మొలకను రానీయదు. అందు నత్రజనియు సేంద్రియ పదార్థమును లేవు. పలుచగా పరచి మట్టిలోను, పశువుల ఎరువులోను కలిపినచో హాని లేదు.

దిబ్బలను నిటారుగా విడువక, మూడడుగుల పొడవునకు ఒక అడుగు మించి ఎత్తు లేకుండ వాలు చేయవలెను. అంతకు నిటారైన దిబ్బపై గొఱ్ఱెల గిట్టలకే మట్టి జారును. వాలుకు అడ్డముగా 15, 20 అడుగులకు ఒక కందకము చొప్పున, అడుగున్నర లోతున తీసి, మట్టిని దిగువ వైపు గట్టుగా వేయవలెను. వాన ఉరవడి ఎక్కువగా నున్నచోట పనికిరాని రాళ్లతో కట్టలు కట్టవలెను. క్వారీలో కొదవలేనిది రాయి యొక్కటే గదా!

ఈ ప్రాంతమున సాలీనా వర్షపాతము సుమారు 800 మిల్లీమీటర్లు. అందు ఎక్కువ భాగము జూన్ నుండి సెప్టెంబరు లోపల, కొన్ని పెద్ద వానలలోనే పడిపోవును. ఆ కొద్ది దినముల నీటిని పట్టి నిలుపని నేలపై ఎంత ఖరీదైన విత్తనము చల్లినను వ్యర్థమే.

ఏ గడ్డి వేయవలెను?

చెలక నేలలకు, తక్కువ వానకు అంజన్ గడ్డి మిక్కిలి తగినది. ఒకసారి నాటుకొన్నచో ఎండాకాలమున పైన ఎండిపోయినను దుబ్బు బ్రతికియుండి, తొలకరికి మరల చిగిర్చును. దానితో స్టైలో అను పప్పుజాతి మేతను కలిపి వేయవలెను. స్టైలో తన వేరుబుడిపెలలో నత్రజనిని నిలిపి సారములేని మట్టిని బాగుచేయును, మందకు మాంసకృత్తుల నిచ్చును. క్వారీ మట్టిపై ఒట్టి గడ్డి రెండవ సంవత్సరమే పసుపుబారుట నేను చూచితిని. స్టైలో కలిపినచోట పచ్చదనము ఎక్కువ కాలము నిలుచును.

మొదటి సంవత్సరము మట్టి మిక్కిలి నిస్సారముగా నున్నచో తొందరపడక జనుముగాని, ఉలవగాని చల్లి, పూతకు వచ్చినప్పుడు మట్టిలో కలియదున్ని, మరుసటి ఏడు గడ్డి వేయుట మంచిది. లేనిచో ఎకరమునకు 4, 5 టన్నుల చివికిన పశువుల ఎరువు, 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు ఆఖరి దుక్కిలో వేయవలెను. గడ్డి నిలదొక్కుకొన్న పిదప 15 నుండి 20 కిలోల యూరియా చాలును.

విత్తుటకు మృగశిర కార్తెలో మంచి వాన పడిన వెంటనే అనువైన సమయము, ఆరుద్ర దాటనీయరాదు. మిశ్రమముగా వేయునపుడు ఎకరమునకు అంజన్ 2 కిలోలు, స్టైలో 2 కిలోలు సరిపోవును. అంజన్ విత్తనము నూగుతో తేలికగా నుండి గాలికి ఎగిరిపోవును గనుక తడి ఇసుకతోగాని మట్టితోగాని కలిపి చల్లవలెను. ఆ సంవత్సరము కోసిన విత్తనము సరిగా మొలవదు. ఆరు నెలలైనను నిలువయున్నది వాడుడు. స్టైలో గింజకు పైపొర గట్టిది. మరుగుటకు ముందు స్థితిలోనున్న, అనగా 80 డిగ్రీల వేడినీటిలో నాలుగు నిమిషములుంచి, తీసి చన్నీటిలో నానబెట్టి, నీడన ఆరబెట్టి విత్తవలెను. ఏ విత్తనమైనను అర అంగుళమునకు మించి లోతున పడరాదు. పైన ముళ్లకంపను తేలికగా ఈడ్చిన చాలును. దిబ్బల వాలులపై విత్తనముకంటె అంజన్ పిలకలు నాటుట నమ్మకమైన పద్ధతి.

విత్తనమునకు డబ్బు చాలనిచోట మరియొక ఉపాయము కలదు. ఊరి గట్లమీద, శ్మశానవాటికలలో, పాత బీళ్లలో మన గడ్డి జాతులు ఇంకను మిగిలియున్నవి. అవి గింజ పట్టిన పిదప, కంకి రాలకముందు కోసి, ఎండబెట్టి దాచి, తొలకరికి ముందు క్వారీ నేలపై పలుచగా పరచవలెను. గింజ రాలి మొలచును; గడ్డి మట్టిని కప్పి తేమను కాపాడును. వయ్యారిభామ మొక్క మాత్రము అందు చేరకుండ చూచుకొనవలెను.

చెట్లలో నారేపికి నేను మొదటి స్థానమిత్తును. మొదటి సంవత్సరములు నిదానముగా పెరిగినను దాని వేరు బండ నెఱ్ఱెలలోనికి చొచ్చుకొనిపోవును; ఎండాకాలమున ఆకు మేకలకు మేతయగును. జమ్మి, దిరిసెనలును మంచివే. సుబాబుల్ త్వరగా పెరుగును కాని, దాని ఆకులో మైమోసిన్ అను విషపదార్థము కలదు. మొత్తము మేతలో మూడవ వంతుకు మించనీయరాదు. నీలగిరి వేయవలదు, దాని క్రింద గడ్డి రాదు. కొందరు లీజుదారులు "పచ్చదనము" చూపుటకు నీలగిరి నాటి ఫొటో తీయింతురు. ఊరివారు కోరవలసినది గడ్డి, ఫొటో కాదు. సర్కారు తుమ్మ మొలకలను మొదటి ఏడే వేళ్లతో పెరికివేయవలెను. కాయ పట్టనిచ్చినచో మందలే ఆ గింజలను పేడతో బీడంతట చల్లును.

విదేశములలో దీనికి పేరుపడిన ఉదాహరణము ఆఫ్రికాలోని కెన్యా దేశమున మొంబాసా నగరము చేరువలోని బంబూరి సిమెంటు క్వారీ. 1971లో రెనె హాలర్ అను వ్యవసాయ శాస్త్రజ్ఞుడు అచ్చట సరుగుడు నాటించెను. రాలిన ఆకు కుళ్లక పేరుకొనిపోగా రోకలిబండ పురుగులను తెచ్చి విడిచెను. అవి ఆకును తిని మట్టిగా మార్చెను. కాలక్రమమున అచ్చట అడవియు, మేయు జంతువులును ఏర్పడినవి. కాని అది పగడపు సున్నపురాయి. మెత్తనిది, క్రిందనే నీరున్నది. మన గ్రానైటు అట్లు మట్టిగా మారదు. అచ్చటివలె ఒట్టి బండపై మొక్క నాటి ఫలితము ఆశింపరాదు. మట్టిని ప్రాణులే తయారుచేయుననుటకు మాత్రము అది మంచి సాక్ష్యము.

గుంతలోని నీరు

నిటారు గోడలున్న నీటి గుంత పిల్లలకు, పశువులకు ప్రాణాపాయము. త్రాగుటకు దిగిన గొఱ్ఱె తిరిగి ఎక్కలేదు. దానికొఱకు దిగిన కాపరి కూడ మునిగిపోవును. కావున మేతబీడు తయారైనను గుంత చుట్టు కట్టడి లేనంతవరకు మందను తోలరాదు. గనుల చట్టము క్రింది 1961 నాటి నియమావళియు తెఱపి గని అంచునకు కంచె వేయవలెనని చెప్పుచున్నది. ముళ్లతీగ రెండేండ్లలో మాయమగుట మనమెఱుగుదుము. అంచుకు 15 అడుగుల దూరమున పెద్ద బండరాళ్లను నాలుగడుగుల ఎత్తు గోడగా పేర్పించి, దాని వెలుపల కిత్తనార, గచ్చ పొదలు నాటినచో అది ఎవరును ఎత్తుకొనిపోలేని కంచె యగును. ఈ పని లీజుదారుని యంత్రములు ఉండగానే జరుగవలెను.

నీటిని పంపుతో పైకి తెచ్చి, గోడకు వెలుపల తొట్లలో పోయుట క్షేమము. త్రాగించుటకు ముందు నీటిని పరీక్ష చేయింపవలెను. గ్రానైటు ప్రాంతపు నీటిలో ఫ్లోరైడు అధికముగా నుండుట కలదు. నల్లగొండ జిల్లా దీనివలన పడిన బాధ తెలిసినదే.

ఎప్పుడు, ఎన్ని జీవములను మేపవలెను?

బీడు చెడునది ఇక్కడనే. మొదటి వానకు పచ్చబడగానే మందను విడుతురు. లేత దుబ్బు వేరుతో కూడ ఊడివచ్చును. రెండు నెలలలో శ్రమ అంతయు పోవును.

మొదటి సంవత్సరము మేపనే రాదు. గింజ రాలనిచ్చి, తరువాత కొడవలితో కోసికొనవచ్చును. రెండవ సంవత్సరమును కోతయే. నేలకు నాలుగు అంగుళములు విడిచి కోయవలెను. మూడవ సంవత్సరమునుండి గొఱ్ఱెలను విడువవచ్చును. అప్పుడును బీడును నాలుగు భాగములుచేసి, గడ్డి అడుగు ఎత్తు పెరిగిన భాగములో మాత్రమే మేపి, నాలుగు అంగుళములకు దిగగానే రెండవ భాగమునకు తోలవలెను. గేదెలను వాలు దిబ్బలపైకి పోనీయరాదు. మేకలను చెట్లు తల ఎత్తు దాటిన పిదపనే రానీయవలెను.

ఎన్ని గొఱ్ఱెలు? 30 కిలోల గొఱ్ఱె దినమునకు సుమారు ఒక కిలో ఎండు మేతకు సరిపడు గడ్డి తినును. ఏడాదికి 365 కిలోలు. ఎకరమునకు టన్ను ఎండుగడ్డి వచ్చినదనుకొనుడు. అందు సగము దుబ్బునకును, గింజకును విడువవలెను. మిగిలిన 500 కిలోలు ఒకటిన్నర గొఱ్ఱెకైనను చాలదు. 2017లో ప్రభుత్వము గొల్ల, కురుమ కుటుంబములకు 20 గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున సబ్సిడీపై పంచుట ప్రారంభించినది. అట్టి ఒక్క మందకు ఏడాది పొడవునా బీడుమీదనే మేత పెట్టవలెనన్నచో 15 ఎకరములకు పైగా కావలెను. కోత మళ్లలోను, చెరువు శిఖములలోను కొంత మేత దొరకును గనుక అంత అవసరముండదు. అయినను అయిదెకరముల క్వారీ బీడు ఊరి మందలన్నిటిని పోషించునని ఎవరును భ్రమపడరాదు. దానిని జూలై, ఆగస్టులలో పైర్లు పొలములనిండ నుండి మందలకు చోటులేని కాలమునకును, కోసి దాచిన గడ్డిని ఏప్రిల్, మే నెలలకును వినియోగించుట లాభకరము. ఎవరి మంద ఏ వారము మేయవలెనో గ్రామసభలో ముందే నిర్ణయించి వ్రాసికొనవలెను. కాపలాదారుని కూలికి తలకింత అని వసూలు చేయవచ్చును.

మట్టి నమూనాలను ఏప్రిల్ లోపల, దిబ్బనుండి, చదునునుండి వేర్వేరుగా తీసి, మండల వ్యవసాయాధికారి ద్వారా పరీక్షకు పంపవలెను. గడ్డి విత్తనము, పిలకల విషయమై శంషాబాదు వైపునున్న మామిడిపల్లి ప్రాంతీయ పశుగ్రాస కేంద్రమునుగాని, రాజేంద్రనగరులోని పశువైద్య విశ్వవిద్యాలయమునుగాని వేసవిలోనే విచారించుకొనుడు. మృగశిర వచ్చిన పిదప అడిగినచో నిలువ మిగులదు.